ఫుట్‌బాల్ క్లబ్బులో అసలు పెత్తనం ఎవరిది? అనంతపురం పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక గోల్‌పోస్టు పక్కన నిలబడి నేను చెప్పే జవాబులు చాలా ఏళ్లుగా ఇవే. రాత్రంతా మేలుకొని మ్యాచ్ చూసొచ్చిన పిల్లవాడు "ఆ కోచ్ అతన్ని ఎందుకు అమ్మేసినాడు సార్" అని నిలదీస్తాడు. కొడుకును ట్రయల్స్‌కు పంపబోతున్న తండ్రి "అక్కడ ఎవరిని కలవాల సార్" అని మెల్లగా అడుగుతాడు. ఇద్దరికీ తెలియాల్సింది ఒకటే: క్లబ్బులో ఏ పనికి ఎవరి సంతకం చెల్లుతుంది అన్నది. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎవరికి కావలసింది వాళ్లు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి దశ: క్లబ్ ఎవరిది?

ఫైనల్ మాట ఎవరిది సార్? ఒక్క పేరు చెప్పండి చాలు.

ఒక్క పేరుతో తేలేది కాదు. మన శెనక్కాయ సేద్యం తీసుకోండి. పొలం ఒకరిది. ఏ విత్తనం వేయాలో తేల్చేది ఇంకొకరు కావచ్చు. ఎద్దులు కట్టి గుంటక తోలేది మరొకరు. పంట ఎండితే అందరూ వేలు చూపేది మాత్రం సేద్యం చేసినవాడి వైపే. క్లబ్బులోనూ అంతే. డబ్బు ఓనర్‌ది, ఏ ఆటగాడిని కొనాలో తేల్చేది స్పోర్టింగ్ డైరెక్టర్, ఆడించేది కోచ్, ఓడితే మాట పడేదీ కోచే. కాబట్టి "ఎవరిది" అని అడిగే ముందు "ఏ నిర్ణయం" అని అడగాలి. ఇంతైనా నా అభిప్రాయం చెప్పమంటే, బడ్జెట్ రాసినవాళ్లే సగం జట్టును రాసేసినట్టు. అక్కడ గీసిన గీత లోపలే మిగతావాళ్ల స్వేచ్ఛ.

ఓనర్ అంటే ఐపీఎల్‌లో మాదిరి ఒక షావుకారే కదా?

చాలా చోట్ల అంతే, అన్ని చోట్లా కాదు. స్పెయిన్‌లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ క్లబ్బులకు యజమాని అంటూ ఒక మనిషి లేడు. చందా కట్టిన సభ్యులే యజమానులు, వాళ్లు ఓటేసి ప్రెసిడెంట్‌ను ఎన్నుకుంటారు. బార్సిలోనాలో 2020లో ప్రెసిడెంట్ బార్తొమేవు మీద సభ్యులు వేలాది సంతకాలతో అవిశ్వాసానికి దిగితే, ఓటింగు జరగకముందే అక్టోబరులో ఆయన రాజీనామా చేశాడు. సభ్యుడి సంతకానికి అంత విలువ ఉంది.

అయితే ఓటు అందరికీ ఉన్నంత మాత్రాన పోటీ చేసే వీలు అందరికీ ఉండదు. రియల్ మాడ్రిడ్ ప్రెసిడెంట్ పదవికి నిలబడాలంటే 20 ఏళ్ల సభ్యత్వం ఉండాలి, క్లబ్ బడ్జెట్‌లో 15 శాతానికి బ్యాంకు గ్యారంటీ తేవాలి. ఫ్లోరెంటీనో పెరెజ్ 2009, 2013, 2017, 2021, 2025లలో ఎదురు పోటీ లేకుండానే ఎన్నికయ్యాడంటే కారణం కొంత అక్కడే ఉంది.

జర్మనీది ఇంకో దారి. 1998 నుంచి అక్కడ 50+1 అనే నియమం ఉంది. బయటివాళ్లు ఎంత పెట్టుబడి పెట్టినా సగానికి పైన ఒక ఓటు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. దశాబ్దాలుగా కంపెనీల అండతో నడిచిన లెవర్‌కుజెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. నాకు వీటన్నిటిలో జర్మనీ పద్ధతే నచ్చుతుంది. టికెట్ ధర పెంచాలన్నా సభ్యుల ముఖం చూడాల్సి వస్తుంది కాబట్టి.

అప్పు చేసి క్లబ్ కొంటే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

క్లబ్బే. 2005లో గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను దాదాపు 79 కోట్ల పౌండ్లకు తీసుకుంది. అందులో పెద్ద భాగం అప్పు. అంతదాకా అప్పు లేని క్లబ్ మీద ఆ భారం పడింది, వడ్డీ క్లబ్ ఆదాయం నుంచే పోయింది. అభిమానులు పచ్చ, బంగారు రంగు మఫ్లర్లు వేసుకొని నిరసన తెలిపినా యాజమాన్యం మారలేదు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ 27.7 శాతం వాటా కొన్నాడు. ఎక్కువ వాటా ఇప్పటికీ గ్లేజర్లదే, అయినా ఒప్పందం ప్రకారం ఆట వ్యవహారాల పెత్తనం ఆయన చేతికి వచ్చింది. వాటా ఎంత అన్నదొక్కటే చూస్తే పెత్తనం ఎవరిదో తెలియదు, ఒప్పందంలో ఏం రాసుకున్నారో చూడాలి.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఏమైపాయ సార్? కప్పు గెలిచిన టీమ్ కదా!

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో పుట్టిన క్లబ్ అది. మనోలో మార్కెస్ కోచ్‌గా 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. తెలుగు నేల మీది క్లబ్ దేశంలోనే పెద్ద కప్పు ఎత్తింది. ఆ తర్వాత ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు ఆగాయి. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, 2023-24లో జట్టు అట్టడుగున మిగిలింది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ తీసుకుంది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఈ నిర్ణయాల్లో ఒక్కటైనా కోచ్ తీసుకున్నది కాదు. గచ్చిబౌలి స్టేడియంలో గొంతు చించుకున్న అభిమానిని ఎవరూ అడగలేదు. క్లబ్ ఊరు మారాలా వద్దా అన్నది ఓనర్, లీగ్, ఫెడరేషన్ మధ్య తేలే మాట.

మన దేశం వాళ్లు ఎవరైనా ఇంగ్లాండ్ క్లబ్ కొన్నారా?

కొన్నారు. కోళ్ల ఫారాలు నడిపే మనవాళ్లందరికీ తెలిసిన పుణె వెంకీస్ 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. నెల తిరగకముందే, డిసెంబరులో, అనుభవజ్ఞుడైన మేనేజర్ శామ్ అలార్డైస్‌ను తీసేశారు. 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడింది. ఓనర్లు ఏటా డబ్బు పోసి క్లబ్బును నిలిపారు, అది ఒప్పుకోవాలి. అయినా ఆట తెలిసిన మనిషి మాట వినకుండా మొదట్లో తీసుకున్న ఆ నిర్ణయాన్ని అక్కడి అభిమానులు ఇంకా మరచిపోలేదు.

## రెండో దశ: సీజన్‌కు ముందు

ఏ ప్లేయర్‌ను కొనాలో కోచే కదా చెప్పాల?

ఒకప్పుడు ఇంగ్లాండ్‌లో అంతే. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్‌లో కొనేదీ, అమ్మేదీ, ఆడించేదీ తానే చూశాడు. ఇప్పుడు ఆ కాలం దాదాపు పోయింది. కోచ్ సగటున ఏడాదో రెండేళ్లో ఉంటాడు, ఆటగాడికి ఐదేళ్ల కాంట్రాక్టు ఇస్తారు. పోయే మనిషి ఇష్టం మీద ఐదేళ్ల ఖర్చు పెట్టడం క్లబ్బులకు భయం. అందుకే స్పోర్టింగ్ డైరెక్టర్ అనే పదవి వచ్చింది. ఆయన కింద ఆటగాళ్లను వెతికే స్కౌట్లు, గణాంకాలు చూసేవాళ్లు ఉంటారు.

లివర్‌పూల్ 2017లో మహమ్మద్ సలాను తెచ్చిన తీరు పిల్లలకు నేను తప్పకుండా చెబుతాను. కోచ్ యుర్గెన్ క్లాప్ చూపు మొదట జర్మనీ కుర్రాడు యూలియన్ బ్రాంట్ మీద ఉండింది. స్పోర్టింగ్ డైరెక్టర్ మైఖేల్ ఎడ్వర్డ్స్, స్కౌటింగ్ బృందం మాత్రం సలానే కావాలని పట్టుబట్టారు. వాళ్లు తన చెవిలో పోరుతూనే ఉన్నారని క్లాప్ తర్వాత స్వయంగా చెప్పాడు. ఆ సీజన్‌లో సలా లీగ్‌లోనే 32 గోల్స్ కొట్టాడు. ఇక్కడ క్లాప్ గొప్పతనం కూడా చూడాలి. తన మాట నెగ్గలేదని ముఖం మాడ్చుకోలేదు, వచ్చినవాడిని తన ఆటలో ఇముడ్చుకున్నాడు. మంచి క్లబ్బుల్లో కోచ్‌కు వద్దనే హక్కు ఉంటుంది. కోచ్ గట్టిగా వద్దన్నవాడిని తెచ్చి బెంచ్ మీద కూర్చోబెడితే నష్టం అందరిదీ.

మేనేజర్, హెడ్ కోచ్ రెండూ ఒకటేనా?

మైదానంలో చేసే పని ఒకటే. మేనేజర్ అంటే కొనుగోళ్లలోనూ మాట ఉన్నవాడని పాత అర్థం. హెడ్ కోచ్ అంటే ఇచ్చిన ఆటగాళ్లతో జట్టు తయారుచేసేవాడు. ఒక క్లబ్ తన మనిషిని ఏ పేరుతో పిలుస్తుందో చూస్తే పెత్తనం ఎక్కడుందో కొంత అందుతుంది.

ప్లేయర్‌కు ఇష్టం లేకపోయినా అమ్మేయొచ్చా?

కుదరదు. అమ్మే క్లబ్, కొనే క్లబ్, ఆటగాడు ముగ్గురూ ఒప్పుకుంటేనే ట్రాన్స్‌ఫర్. ఆటగాడు "నా కాంట్రాక్టు అయ్యేదాకా ఇక్కడే ఉంటా" అంటే జీతం ఇచ్చి ఉంచుకోవాల్సిందే. ఆడించకుండా కూర్చోబెట్టడం, విడిగా ప్రాక్టీసు చేయమనడం లాంటి ఒత్తిళ్లు క్లబ్బులు తెస్తాయి, అది వేరే సంగతి. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు పైసా ఫీజు లేకుండా వేరే క్లబ్బుకు పోవచ్చని 1995 డిసెంబరులో బోస్‌మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తేల్చింది. అప్పటినుంచి కాంట్రాక్టు చివరి ఏడాదికి వచ్చిన ఆటగాడి చేయి పైనుంటుంది. పొడిగించడమా, ఇప్పుడే అమ్మడమా అని క్లబ్బే ఆయన గుమ్మం ముందు నిలబడుతుంది.

మెస్సీ ఉంటానన్నాడు, క్లబ్ ఉండమన్నది. మరి ఎందుకు పోయినాడు?

2021 ఆగస్టులో ఆ నిర్ణయం ఇద్దరి చేతుల్లోనూ లేకుండా పోయింది. స్పెయిన్ లీగ్ ప్రతి క్లబ్బుకూ ఆదాయాన్ని బట్టి జీతాల ఖర్చుకు హద్దు పెడుతుంది. బార్సిలోనా అప్పటికే అప్పుల్లో మునిగి ఆ హద్దు దాటింది. ఒప్పందం కుదిరినా లీగ్‌లో పేరు నమోదు చేయించలేని స్థితి. అంతకు ముందటి ఏళ్లలో ఎడాపెడా రాసిచ్చిన జీతాలే 2021లో మెస్సీని పంపేశాయి.

## మూడో దశ: మ్యాచ్ రోజు

పదకొండు మందిని ఎంచేది కోచేనా, ఓనర్ ఫోన్ చేస్తాడా?

మంచి క్లబ్బుల్లో అది కోచ్ ఒక్కడి హక్కు. ఓనర్లు ఫోన్ చేసే క్లబ్బులూ ఉన్నాయి. అలాంటి చోట డ్రెస్సింగ్ రూమ్‌లో కోచ్ మాటకు విలువ పడిపోవడానికి రెండు వారాలు చాలు.

కోచ్ బయటికి రమ్మంటే ప్లేయర్ రానంటే ఏమైతాది?

మ్యాచ్ సాగుతుంది. మార్చాల్సిన ఆటగాడు మైదానం వదలనంటే ఆట కొనసాగించాలని నియమాల్లోనే ఉంది. 2019 ఫిబ్రవరి 24న వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్ చివర్లో చెల్సీ గోల్‌కీపర్ కెపాను మార్చాలని కోచ్ సర్రీ బోర్డు చూపించమన్నాడు. కెపా చేయి ఊపి రానన్నాడు. సర్రీ కోపంతో ఊగిపోయాడు గానీ ఏమీ చేయలేకపోయాడు. చెల్సీ పెనాల్టీల్లో ఓడింది. తర్వాత క్లబ్ కెపాకు వారం జీతం కోత వేసింది, సర్రీ తర్వాతి మ్యాచ్‌కు పక్కన పెట్టాడు. కోచ్ అధికారమంతా ఆటగాళ్లు ఒప్పుకున్నంత మేరకే నిలుస్తుందని లోకమంతా చూసిన రోజు అది.

దెబ్బ తగిలితే ఆడాలా వద్దా అని చెప్పేది ఎవరు?

డాక్టర్. ఇందులో ఇంకో మాట లేదు. కోచ్‌కు గెలుపు కావాలి, ఆటగాడికి చోటు పోతుందని భయం, ఓనర్‌కు పెట్టుబడి. గెలుపోటములతో పని లేకుండా మాట్లాడగలిగింది డాక్టర్ ఒక్కరే.

2015 ఆగస్టులో స్వాన్సీతో మ్యాచ్‌లో చెల్సీ డాక్టర్ ఎవా కార్నేరో రెఫరీ పిలిస్తేనే లోపలికి వెళ్లి హజార్డ్‌ను చూసింది. చికిత్స పొందినవాడు కాసేపు బయట ఉండాలి కాబట్టి, అప్పటికే పది మందితో ఆడుతున్న జట్టు తొమ్మిదికి తగ్గింది. మేనేజర్ మొరీన్యో అందరి ముందే ఆమెను తప్పుబట్టాడు. ఆమె ఉద్యోగం వదిలి కేసు వేసింది. 2016 జూన్‌లో రాజీ కుదిరింది, క్లబ్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆమె చేసింది ఆటగాడి పట్ల తన విధి. తలకు దెబ్బ తగిలినవాళ్ల కోసం అదనపు సబ్‌స్టిట్యూషన్‌కు వీలు కల్పిస్తూ 2024లో ఆట నియమాలే మార్చారు.

మన దగ్గర స్కూలు టోర్నమెంట్లకు డాక్టర్ ఉండడం అరుదు. చీలమండ వాచిన పిల్లవాడికి స్ప్రే కొట్టి "ఫైనల్ కదప్పా, ఓర్చుకో" అనడం నేను ఎన్నోసార్లు చూశాను. తల్లిదండ్రులారా, అక్కడ డాక్టర్ లేకపోతే ఆ నిర్ణయం మీదే. లోపలికి వెళ్లి పిల్లవాడిని బయటికి తీసుకురండి.

కోచ్ కోపంతో టీమ్‌ను గ్రౌండ్ నుంచి తీసుకుపోతే శిక్ష ఎవరికి?

ఇద్దరికీ, ఎక్కువగా క్లబ్బుకు. మనకు దగ్గరలోనే, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో, 2023 మార్చి 3న అదనపు సమయంలో ఎదుటి జట్టు సిద్ధం కాకముందే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రీ ఫ్రీకిక్‌ను చప్పున కొట్టి గోల్ చేశాడు. కేరళ బ్లాస్టర్స్ కోచ్ వుకొమానొవిచ్ జట్టునంతా బయటికి పిలిచేశాడు. ఫెడరేషన్ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం, 5 లక్షల జరిమానా వేసింది. రెండు నిమిషాల్లో ఒక్క మనిషి తీసుకున్న నిర్ణయానికి పడిన ఖరీదు అది.

## నాలుగో దశ: ఓటములు మొదలైనప్పుడు

ఆడేది ప్లేయర్లు, తీసేసేది కోచ్‌నా? ఇదేం న్యాయం?

న్యాయం సంగతి పక్కన పెట్టి లెక్క చూడండి. ట్రాన్స్‌ఫర్లు ఏడాదికి రెండు విండోల్లోనే, అంటే అందుకని కేటాయించిన గడువుల్లోనే, సాగుతాయి. పాతిక మంది ఆటగాళ్లు కోట్లు పోసి కొన్న ఆస్తి, తీసేస్తే ఆ విలువ పోతుంది. కోచ్ ఒక్కడు, పరిహారం ఇచ్చి ఏ రోజైనా మార్చొచ్చు. క్లాడియో రానియేరీ లెస్టర్‌ను 2016లో ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిపాడు. అలాంటిది ఎవరూ కలలో కూడా అనుకోలేదు. తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరిలో, జట్టు కింది డివిజన్ అంచుకు చేరగానే తీసేశారు. తర్వాత జట్టు కోలుకొని 12వ స్థానంలో నిలిచింది. నిర్ణయం ఫలించిందనే అనాలి. అయినా ఆ మనిషిని అలా పంపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అభిమానుల మాట ఎవరైనా వింటారా?

రోజువారీ పనుల్లో వినరు. అందరూ కలిసి కదిలితే మాత్రం వినక తప్పదు. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు విడిగా సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నాయి. అభిమానులు స్టేడియాల ముందు చేరారు, 20వ తేదీ రాత్రికల్లా ఆరు ఇంగ్లీషు క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. జర్మనీలో లీగ్ ఆదాయంలో వాటాను పెట్టుబడిదారుకు అమ్మాలని చూస్తే, అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆలోచన మానుకున్నారు. మన దేశంలోనూ ఉంది ఉదాహరణ. 2020లో కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ పేరు ముందు ఏటీకే అనే ఇంకో క్లబ్ పేరు చేరింది. నూరేళ్లు దాటిన పేరు ముందు ఆ అక్షరాలేమిటని అభిమానులు మూడేళ్లు పోరాడారు. 2023లో కప్పు గెలిచిన రాత్రే ఓనర్ ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించాడు.

క్లబ్బుల పైన పెద్ద ఎవరైనా ఉన్నారా?

లీగ్, దాని పైన దేశ ఫెడరేషన్, ఆ పైన ప్రపంచ ఫుట్‌బాల్ సంఘమైన ఫిఫా. ఖర్చుల నియమం దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అది 6కు తగ్గింది. ఇంగ్లాండ్ 2025లో చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థనే పెట్టింది. మన దగ్గర 2010లో ఫెడరేషన్, వాణిజ్య భాగస్వామి మధ్య కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం ముగింపుకు వచ్చి, కొత్తది తేలక, 2025 జులైలో ఐఎస్‌ఎల్ సీజన్‌నే నిలిపేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల జీతాలు ఆపింది. పైన ఇద్దరు కాగితం మీద సంతకం పెట్టకపోతే కింద ఆటగాడి ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం పడుతుంది.

## ఐదో దశ: మన పిల్లవాడికి పిలుపు వస్తే

ట్రయల్స్‌లో సెలెక్ట్ చేసేది ఎవరు? ఎవరిని కలవాల?

యూత్ కోచ్‌లు, స్కౌట్లు చూసి రాస్తారు, అకాడమీ హెడ్ తేలుస్తాడు. మొదటి జట్టు కోచ్‌కు మీ పిల్లవాడి పేరు కూడా తెలియకపోవచ్చు. కలవాల్సింది ఎవరినీ లేదు. అడగాల్సింది మాత్రం ఉంది: ఫలితం ఎవరి సంతకంతో, ఏ తేదీకి చెబుతారు అని.

ఏజెంట్ ముందుగా డబ్బు అడుగుతున్నాడు, కట్టాలా?

వద్దు. మా దగ్గర ఆడిన పిల్లవాడి తండ్రి శెనక్కాయ అమ్మిన డబ్బు తెచ్చి, ట్రయల్ ఖాయమన్న ఒక మనిషి చేతిలో పెట్టాడు. పిల్లవాడు రైలెక్కి పోయాక అక్కడ ట్రయలే లేదని తెలిసింది. ఏజెంట్‌కు ఫిఫా లైసెన్సు ఉండాలి, అందుకు పరీక్ష రాయాలి. మైనర్ విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా మాట్లాడడానికే వీల్లేదు. ముందు లైసెన్సు చూపించమనండి.

మావాడికి పదహారేళ్లు. స్పెయిన్ క్లబ్బుకు పంపొచ్చా?

స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడ సేవ చేసిన ఫాదర్ ఫెర్రర్ వల్ల ఆ దేశం మనకు దగ్గరి చుట్టం లాంటిది, అందుకే ఈ ఆశ ఇక్కడ ఎక్కువ. కానీ 18 ఏళ్లు నిండనిదే వేరే దేశపు క్లబ్బుకు బదిలీ చేయకూడదని ఫిఫా నియమం. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని పని మీద అక్కడికి మారితే తప్ప, మన పిల్లలకు పనికొచ్చే మినహాయింపులు పెద్దగా లేవు. ఈ నియమం దాటినందుకే 2014లో బార్సిలోనా అంతటి క్లబ్బుకు రెండు విండోల పాటు కొనుగోళ్ల నిషేధం పడింది. కాబట్టి అంతకంటే ముందే పంపిస్తామనే మనిషిని నమ్మొద్దు. కొన్నాళ్ల శిక్షణ శిబిరానికి వెళ్లి రావడం వేరు, క్లబ్బులో నమోదు కావడం వేరు.

వాడు పెద్ద ప్లేయర్ అయితే, చిన్నప్పుడు ఆడించిన మన ఊరి క్లబ్బుకు ఏమైనా వస్తాదా?

వస్తుంది, కాగితాలు ఉంటే. కాంట్రాక్టు మధ్యలో ఆటగాడు ఫీజుతో వేరే దేశపు క్లబ్బుకు మారితే, ఆ ఫీజులో 5 శాతం అతను 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య ఆడిన క్లబ్బులకు పంచాలి. ఫీజు 10 కోట్లు అనుకుందాం. అందులో 50 లక్షలు పంపకానికి వస్తాయి. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఒక్కో ఏడాదికి రెండున్నర లక్షలు, 16 నుంచి 23 దాకా ఒక్కో ఏడాదికి 5 లక్షలు. అయితే క్లబ్ ఫెడరేషన్‌కు అనుబంధంగా ఉండి, పిల్లవాడి పేరు ఆ ఏడాది ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఎక్కి ఉండాలి. పుట్టిన తేదీ, చేరిన తేదీ, వెళ్లిన తేదీ తప్పుల్లేకుండా ఉండాలి. ఆ నమోదు చేయించాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఏ ఓనర్‌దీ, ఏ డైరెక్టర్‌దీ కాదు, మన ఊరి క్లబ్ కార్యదర్శిది. ఈసారి ప్రాక్టీసుకు వచ్చినప్పుడు ఆయన్ను అడిగి మీ పిల్లవాడి రిజిస్ట్రేషన్ కాగితం ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి.